చర్చ: డిసెక్షన్ చేయకుండా సర్జన్ కావచ్చా?

కొత్తబ్లేడ్: సర్జరీ ట్రైనింగ్‌లో చేరాను. చదువుకునేటప్పుడు మాతో డిసెక్షన్, అంటే శవాన్ని మా చేత్తో కోసి నేర్చుకోవడం, చేయించలేదు. ముందే కోసిపెట్టిన ప్రొసెక్షన్లు, స్క్రీన్ మీద త్రీడీ బొమ్మలు, అంతే. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో సీనియర్ "ప్లేన్‌లోకి రా" (రెండు పొరల మధ్య సందులోకి రా) అంటే బిక్కమొహం వేస్తున్నాను. క్యాడవర్ (శవం) మీద ఆపరేషన్ చేయించే వర్క్‌షాప్‌కి వెళ్తే లాభం ఉందా? ఎలాంటిది చూసుకోవాలి? ఇంకోటి, మొదటిరోజు బాడీ ముందు ఎలా తట్టుకున్నారు?

రెట్రాక్టర్: మాతో చేయించారు తమ్ముడూ. పది మందికి ఒక బాడీ. బ్లేడ్ ఎప్పుడూ ఒకడి చేతిలోనే ఉండేది. ఏడాదంతా నేను చర్మం ఎత్తి పట్టుకున్నాను. సర్టిఫికెట్‌లో మాత్రం డిసెక్షన్ చేసినట్టే ఉంది.

పాతకాపు: శవాన్ని నిల్వ ఉంచే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండనివాడు సర్జన్ ఎలా అవుతాడో నాకు తెలీదు. మా చేతులు తిరిగింది ఆ మంటలోనే.

ఎండోరాణి: ఆ ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ని క్యాన్సర్ కారకంగా ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) గ్రూప్ 1లో పెట్టింది సార్, అదేం గొప్ప కాదు. పైగా అందులో నానిన కండ చెక్కలా బిగుసుకుపోతుంది, కీలు వంగదు. ల్యాప్‌కి (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌కి) గ్యాస్ ఎక్కిస్తే పొట్ట సరిగా లేవదు. అదే థీల్ పద్ధతిలో భద్రపరిచిన బాడీ మీద చేసి చూడండి. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో వాల్టర్ థీల్ 1992లో ప్రచురించిన పద్ధతి, కొత్తదేం కాదు.

పాతకాపు: చూశానమ్మా. కండ మరీ మెత్తబడిపోతుంది. ఫార్మలిన్‌లో నరం దారంలా నిలబడుతుంది, మొదటిసారి వెతికేవాడికి అదే మేలు. 22 ఏళ్లుగా థైరాయిడ్లు చేస్తున్నవాణ్ణి చెబుతున్నా.

ఎండోరాణి: దారంలా నిలబడే నరానికి అలవాటు పడ్డవాడే బతికున్న మనిషిలో థైరాయిడ్ వెనకాలే పోయే, స్వరాన్ని కదిలించే రికరెంట్ లారింజియల్ నర్వ్‌ని గుర్తుపట్టక లాగేస్తాడు. గొంతు పోయేది పేషెంట్‌కి.

పాతకాపు: నా చేతిలో ఎవరి గొంతూ పోలేదు.

రెట్రాక్టర్: 22 ఏళ్లలో ఒక్కటీ లేదా? గొంతు పోయినవాళ్లు మళ్లీ మీ దగ్గరికి రాలేదేమో సార్.

పాతకాపు: మాట జాగ్రత్త. చర్మం పట్టుకున్నవాడివి నువ్వా నాకు చెప్పేది?

మోడరేటర్: ఇద్దరూ తగ్గండి. ఇంకోసారైతే పోస్టులు తీసేస్తాను.

పిత్తాశయరావు: అనాటమీలో నాకు మెడల్. అయినా మొదటి గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) ఆపరేషన్‌లో దానికి రక్తం తెచ్చే సిస్టిక్ ఆర్టరీ చిమ్మగానే స్క్రీనంతా ఎర్రబడింది. కంగారులో గుడ్డిగా క్లిప్ వేయబోతుంటే సీనియర్ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ క్లిప్ బైల్ డక్ట్ (లివర్ నుంచి పైత్యరసం మోసే గొట్టం) మీద పడి ఉంటే ఏమయ్యేదో ఇక్కడ అందరికీ తెలుసు. బాడీ రక్తం చిమ్మదు, అదొక్కటీ అది నేర్పలేదు. కానీ ఒకటి నేర్పింది. మా టేబుల్ మీద లివర్‌కి రక్తం తెచ్చే కుడి హెపాటిక్ ఆర్టరీ డక్ట్ ముందు నుంచి పోయింది, పక్క టేబుల్ మీద వెనక నుంచి. త్రీడీ బొమ్మని వందసార్లు తెరిచినా అదే మనిషి కదా.

ఎండోరాణి: ధమనుల్లోకి పంపుతో ఎర్రరంగు నీళ్లు పంపించి రక్తస్రావం ప్రాక్టీస్ చేయించే వర్క్‌షాప్‌లు కూడా ఉన్నాయి రావు గారూ.

చరిత్రపిచ్చి: బాడీలు దొరకని రోజుల్లో ఏం జరిగిందో చదివారా? ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి శవాల్ని అనాటమీ క్లాసులకు అమ్మారు. 1829లో బర్క్‌ని ఉరి తీసి అతన్నీ డిసెక్షన్‌కే ఇచ్చారు. 1832లో బ్రిటన్‌లో అనాటమీ చట్టం వచ్చాక, తీసుకెళ్లేవాళ్లు లేని పేదల శవాలు బల్లలెక్కాయి. ఇంతకీ మీ టేబుల్ మీది మనిషి తనే ఇష్టపడి ఇచ్చాడో లేదో ఎవరైనా అడిగారా?

రెట్రాక్టర్: అడగలేదు. మా బాడీకి పొట్ట మీద పాత మచ్చ ఉండేది. తెరిస్తే గాల్‌బ్లాడర్ లేదు. ఇక మా టేబుల్‌కి ఆ పాఠం పోయిందని వారమంతా గొణిగాం. తీయించుకోడానికి ఆవిడ ఎంత నొప్పి పడి ఉంటుందో ఒక్కరికీ తట్టలేదు.

కొత్తబ్లేడ్: వర్క్‌షాప్ బుక్ చేశాను. ఫ్రెష్ ఫ్రోజెన్ (మందుల్లో నానబెట్టకుండా గడ్డకట్టించి ఉంచిన బాడీ) అట. బాడీకి ఎంతమంది అని ఫోన్ చేసి అడిగితే ఆరుగురన్నారు.

రెట్రాక్టర్: త్వరగా వెళ్లి తల వైపు నిలబడు. ఆలస్యమైతే చర్మం నీదే.