చిన్నాయన, పిన్ని ఇద్దరి వికలాంగుల పింఛన్ లెక్క: 57 వేలా, 63 వేలా?

ఆత్మకూరు అబ్బాయ్:
ఊరి సచివాలయంలో పనిచేసేవాళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండబ్బా. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. చిన్నాయనకి పోలియో కాలు, సదరంలో, అదే వైకల్యం సర్టిఫికెట్లో, 60 శాతం వేసినారు, 6 వేలు వస్తాది. పిన్నికి పక్షవాతం, మంచం దిగలేదు, ఆమెకి 15 వేలు. ఇద్దరూ ఒకే రేషన్ కార్డులో ఉండారు. ఆగస్టు ఆఖర్లో పిన్నికి మళ్ళీ బాగలేకపోతే తిరపతిలో చూపించి ఆడే మా అక్కా బావా వాళ్ళింట్లో ఉంచుకున్నారు, దీపావళి అయినాక ఊరికొచ్చారు. నవంబర్ ఒకటో తారీకు సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి ఇద్దరికీ కలిపి 57 వేలు చేతిలో పెట్టింది. బావేమో ఫోన్లో నెలకి 21 వేలు, మూడు నెల్లకి 63 వేలు రావాల, ఆ 6 వేలు యాడికి పోయినాయి, ఆ పిల్లే నొక్కేసుంటాది, కలెక్టరేట్లో అర్జీ పెడదాం అని ఒకటే గోల. చిన్నాయన నోరెత్తడు, డబ్బులు బీరువాలో పెట్టేసి కూర్చున్నాడు. ఇంటి లెక్క పుస్తకం రాసేది నేను. అసలు ఇది ఎట్టా లెక్కెయ్యాల? ఇంకోటి, మొగుడూ పెళ్ళాలది కలిపి ఒకే లైను రాస్తే సరిపోద్దా, విడివిడిగా రాయాల్నా?

బుచ్చి సుబ్బులక్క:
ఒకే కార్డులో రెండు పింఛన్లా?? మా ఇంట్లో అత్తకి వస్తా ఉందని మామకి ఇవ్వలేదే. మీకు రెండొచ్చేదే ఎక్కువ, గమ్మునుండండి, అర్జీ పెడితే ఉన్నది కూడా పీకేస్తారు.

సచివాలయం ఉద్యోగి (కోవూరు వైపు):
సుబ్బులక్కా భయపెట్టబాకండి. కార్డుకి ఒకటే అనే రూలు ఉంది నిజమే కానీ వికలాంగులకి, డయాలసిస్ వాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. మీ అత్తా మామలది వృద్ధాప్య పింఛన్ కాబట్టి ఒకటే ఇచ్చుంటారు.

అబ్బాయ్, నీ లెక్కకి వద్దాం. పింఛన్ మనిషిది, జంటది కాదు. చిన్నాయనకి ఒక ఐడి, పిన్నికి ఒక ఐడి, ఎవరి వేలిముద్ర వాళ్ళదే, ఒకరు వేసి ఇద్దరిదీ తీసుకునేది కుదరదు. మీ బావ 21 వేలని కలిపేసి మూడుతో గుణిస్తా ఉండాడు, ఆడే తిరకాసు. 2024 డిసెంబర్ నుంచి ఒక నెల తీసుకోకపోతే తర్వాత నెలలో రెండు నెల్లవి, రెండు నెల్లు తీసుకోకపోతే మూడో నెల్లో మూడూ కలిపి ఇస్తా ఉండాం. వరసన మూడు నెల్లు తీసుకోకపోతే ఆపేస్తారు, మళ్ళీ సచివాలయంలో అర్జీ పెట్టుకోవాల. పిన్నికి సెప్టెంబర్, అక్టోబర్ పోయినాయి, నవంబర్‌తో 45 వేలు. మిగిలింది 12 వేలు, అంటే చిన్నాయనకి రెండు నెల్లవి. సెప్టెంబర్ ఒకటిన ఆయన ఊళ్ళో ఉన్నాడా లేడా, ముందు అది కనుక్కో. ఆయన ఆధార్ నంబర్ తీసుకోనిపోతే సచివాలయంలో ఏ నెలది ఏ తారీకున ఇచ్చిందీ చూపిస్తారు. ఆ పిల్ల మీద నింద వెయ్యకముందే ఆ పని చెయ్యండి, ఒకటో తారీకు తెల్లారకముందే లేచి ఇల్లిల్లూ తిరిగేది మేమే.

ఆత్మకూరు అబ్బాయ్:
అన్నా దండం. చిన్నాయన్ని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పినాడు. ఆగస్టు 31 రాత్రి బస్సుకి ఊరికొచ్చి, పొద్దున్నే వేలిముద్రేసి 6 వేలు తీసుకోని, మళ్ళీ తిరపతి పోయినాడంట. మందులకి ఖర్చయిపోయినాయని బావకి చెప్పలేదు, అడిగితే తిడతాడని. బావకి ఫోన్ చేస్తే ఇప్పుడు "నేనెప్పుడు నొక్కేసింది అన్నాను" అంటాడు 😀 పుస్తకం సంగతి చెప్పండి ఇంక.

రిటైర్డ్ అకౌంటెంట్, కావలి:
బాబూ, ఒక్కో పేజీ ఒక్కొక్కరికి పెట్టు. పైన పేరు, పింఛన్ ఐడి. కింద ఏ నెల పింఛన్ అనేది ఒక గడి, చేతికొచ్చిన తారీకు ఇంకో గడి, ఎవరు తీసుకోనొచ్చారు అనేది మూడో గడి. నెలనీ తారీకునీ కలిపేస్తేనే ఇట్టాంటి గొడవలొచ్చేది. నవంబర్ ఒకటిన 45 వేలొచ్చిందని ఒకే అంకె వెయ్యబాక, సెప్టెంబర్ 15, అక్టోబర్ 15, నవంబర్ 15 అని మూడు లైన్లు రాయి, తారీకు మాత్రం మూడింటికీ ఒకటే. ఇది చేతికిచ్చే డబ్బు, బ్యాంకు పాసుబుక్కులో కనపడదు, కాబట్టి మీ పుస్తకమే మీకు సాక్ష్యం. జాయింటు అకౌంట్లో వేస్తే ఎవరిది ఎంత వేసిందీ పక్కన రాసుకో. రేపు ఒకరి కేటగిరీ మారినా రెండో వాళ్ళ పేజీ కదలదు. మారేది ఊరికే అనడంలా, 15 వేలు తీసుకునే వాళ్ళని డాక్టర్లు ఇళ్ళకొచ్చి మళ్ళీ చూసింది తెలుసు కదా, కొందరికి తగ్గించినారు కూడా.

డల్లాస్ నెల్లూరమ్మాయి:
ఇది చదివి ఆశ్చర్యమేసింది, ఇక్కడ అంతా తలకిందులు. అమెరికాలో ఆస్తి, ఆదాయం పెద్దగా లేని వికలాంగులకి, ముసలోళ్ళకి ఎస్ఎస్ఐ అని ఇస్తారు, అందులో మొగుడూ పెళ్ళాలిద్దరూ అర్హులైతే వేరే జంట రేటు. 2025లో ఒంటరి మనిషికి నెలకి 967 డాలర్లు, జంటకి 1450. రెండింతలు కాదు, ఒకటిన్నర రెట్లే. బ్యాంకులో దాచుకునే దానికీ అంతే, ఒకరికైతే 2000 డాలర్లు దాటకూడదు, ఇద్దరికీ కలిపి 3000. ఒకరికే వైకల్యం ఉంటే రెండో వాళ్ళ జీతం కూడా లెక్కలో పడతాది, అందుకే పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయేవాళ్ళు ఉన్నారు. పని చేసి పన్ను కట్టినోళ్ళకి వచ్చే ఎస్ఎస్‌డీఐకి మాత్రం ఈ కోత లేదు.

బుచ్చి సుబ్బులక్క:
అయ్యో, పెళ్ళి చేసుకుంటే కోతా! మనదే నయం. అయితే ఒక డౌటు, పల్లెల్లో ఇంటి ఆదాయం నెలకి 10 వేలు దాటకూడదంటారు కదా, వీళ్ళకి పింఛనే 21 వేలాయె?

సచివాలయం ఉద్యోగి (కోవూరు వైపు):
పింఛన్ డబ్బే ఆదాయం కింద లెక్కేసి తీసేసింది నేనైతే చూడలేదక్కా. మేము చూసేది పొలం, అంటే మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, కరెంటు 300 యూనిట్లు, కారు, గవర్నమెంటు ఉద్యోగం, ఇన్‌కంటాక్స్, ఇట్టాంటివి.

అల్లూరు రొయ్యల చెరువు:
టాపిక్ మారుస్తా ఉండా, ఏమనుకోబాకండి. అమ్మకి వికలాంగుల పింఛన్ 6 వేలు, నాయనకి వృద్ధాప్య పింఛన్ 4 వేలు వచ్చేది. నాయన పోయిన నెల కాలం చేసినాడు. భర్త పోతే భార్యకి మరుసటి నెలనుంచే ఇస్తారు కదా, ఆ 4 వేలు కూడా అమ్మకి వేస్తారా?

సచివాలయం ఉద్యోగి (కోవూరు వైపు):
వెయ్యరన్నా. స్పౌజ్ పింఛన్ అని 2024 నవంబర్ నుంచి ఇస్తా ఉండేది వేరే పింఛన్ లేని భార్యకి. మనిషికి ఒకటే, అమ్మకి 6 వేలే ఎక్కువ కాబట్టి అదే ఉంచుకోండి. డెత్ సర్టిఫికెట్ మాత్రం ఈ నెలలోనే సచివాలయంలో ఇచ్చేయండి.