అప్‌డేట్: ఆర్వీలో (ఇల్లులా ఉండే ప్రయాణపు బండిలో) మైక్రోవేవ్ పెడితే ఇన్వర్టర్ ఆగిపోతోంది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. 2000 వాట్ల ఇన్వర్టర్ ఉన్నా మైక్రోవేవ్ పెట్టగానే బీప్ కొట్టి ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. లిథియం బ్యాటరీలు రెండూ బాగానే ఉన్నాయి. డీలర్ వేసిన కేబులే సన్నం, పైగా ఒక లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) వదులు. మైక్రోవేవ్ లాగే 1500 వాట్లకి 12 వోల్టుల బ్యాటరీ వైపు దాదాపు 140 ఆంపియర్లు కావాలి. ఆ లోడుకి బ్యాటరీ దగ్గర 12.9 వోల్టులు చూపిస్తుంటే ఇన్వర్టర్ దగ్గర 10.5 కూడా లేదు, అందుకే ఆగిపోతోంది!

ఇన్వర్టర్‌ని బ్యాటరీల పక్కకి జరిపి, లావుపాటి 2/0 గేజ్ కేబుల్, 250 ఆంపియర్ల ఫ్యూజు వేయించాను. ఇప్పుడు మైక్రోవేవ్, రైస్ కుక్కర్, మిక్సీ అన్నీ నడుస్తున్నాయి. ఎయిర్ ఫ్రయర్, మైక్రోవేవ్ మాత్రం ఒకేసారి పెట్టడం లేదు. ఏసీ జోలికి అసలే పోను. వాడనప్పుడు కూడా ఇన్వర్టర్ కొంత కరెంటు తాగుతోంది, అందుకే రాత్రిపూట ఆపేస్తున్నాం.