సర్కారు బడి ఉచితమే అయితే ఆటో డబ్బులు ఎవరు కట్టాలి?

లంక అమ్మ
నమస్కారమండి. మాది కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదావరి మధ్య ఒక లంక. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరో తరగతి. ఇద్దరూ హైస్కూల్లోనే. మొన్న మా ఆడపడుచు "మీకేం వదినా, ఫీజు లేదు, పైగా ఎదురు డబ్బులిస్తున్నారు" అంది. ఆ రాత్రి కూర్చుని లెక్క రాశాను.

యూనిఫాం గుడ్డ మూడు జతలకి ఇచ్చారు. కుట్టుకూలి కింద ప్రభుత్వం లెక్క మూడింటికీ కలిపి బాబుకి 120, పాపకి 240. మా టైలర్ బాబువి జతకి 300, పాపవి 400 తీసుకున్నాడు. మొత్తం 2,100. రేవు దాటాక ఆటోకి ఒక్కొక్కరికి నెలకి 700, పది నెలలకి ఇద్దరికీ 14 వేలు. బడికెళ్లే ఒక్కో బిడ్డకీ తల్లి అకౌంటులో ప్రభుత్వం వేసే తల్లికి వందనం 15 వేలన్నారు, బడి నిర్వహణకని 2 వేలు మినహాయించి 13 వేలు వేశారు. ఒక బిడ్డ పేరున పడిన డబ్బు ఇద్దరి ఆటోకే చాలలేదండి. ఇది ఉచిత చదువేనా? ఆ 2 వేలు కొయ్యడం న్యాయమా?

దింపు కూలి నాన్న
కోపం తెచ్చుకోకండమ్మా. ఆ 13 వేలు ఇచ్చిందే ఈ ఖర్చులకి కదా? మావాణ్ని ప్రైవేటులో వేశాను. నాకూ అదే 13 వేలు. ఫీజు, బస్సు, పుస్తకాలు అన్నీ కలిపితే అది ఏ మూలకీ రాదు. మీకు పుస్తకాలు, బ్యాగు, బూట్లు, మధ్యాహ్నం భోజనం ఊరికే వస్తున్నాయి. నా లెక్కలో మీరే నయం.

లంక అమ్మ
అన్నయ్యగారూ, ప్రైవేటులో ఎంత కట్టాలో జూన్‌లోనే తెలుస్తుంది. మాకు ఏ రోజు ఎంత అడుగుతారో తెలియదు. స్లిప్ టెస్టు పేపర్లకి 20, చార్టుకీ స్కెచ్ పెన్నులకీ 50, పాపకి సైన్సు రికార్డు, గైడు. అకౌంటులో పేరు తేడా ఉందని గ్రామ సచివాలయం చుట్టూ తిరిగితే రెండు రోజుల కూలి పోయింది.

కిందటి నవంబరులో బాబు రెండు రోజులు కడుపునొప్పన్నాడు. మూడో రోజు అడిగితే చెప్పాడు. చార్టు తేనివాళ్లని నిలబెడుతున్నారట. కోతలింకా మొదలు కాలేదు, ఇంట్లో డబ్బు లేదని వాడికి తెలుసు, అందుకే నన్ను అడగలేదు. పదకొండేళ్ల పిల్లాడండి. ఆ 50 రూపాయలు నేను ఏ లెక్కలో రాసుకోను?

రిటైర్డ్ హెచ్ఎం
అమ్మా, నిలబెట్టడం తప్పు. నేనూ హెడ్మాస్టరుగా చేశాను కాబట్టి సిగ్గుపడుతూనే చెబుతున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో మూడో సెక్షన్ చూడండి. చదువు పూర్తి చెయ్యడానికి అడ్డమయ్యే ఫీజుగానీ, ఖర్చుగానీ పిల్లల మీద పడకూడదని స్పష్టంగా ఉంది. అయితే అది ఎనిమిదో తరగతి దాకానే. పాపకి ఆ రక్షణ లేదు. పదిలో పరీక్ష ఫీజు కూడా కట్టాలి.

2 వేల సంగతిలో మాత్రం మీతో ఏకీభవించలేను. ముప్ఫై దాటి వందమందిలోపు ఉన్న బడికి, బడుల కోసం కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం గ్రాంటు ఏడాదికి 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, మోటారు రిపేరు అన్నీ అందులోనే. ఆయాకి జీతం లేని రోజుల్లో మరుగుదొడ్లకి తాళం వేసుకున్నాం. పెద్దపిల్లలు నీళ్లు తాగడం మానేసేవారు. ఇలా మినహాయించిన డబ్బు వచ్చాకే తాళం తీశాం.

లంక అమ్మ
మాస్టారూ, దొడ్లు శుభ్రంగా ఉండాలని నాకూ ఉంది, నాకూ ఆడపిల్లే. ఆయా జీతం బడ్జెట్‌లోంచి ఇవ్వాలి గానీ తల్లి పేరు చెప్పి ఇచ్చిన దాంట్లోంచి కాదు.

రాజోలు బాబాయ్
ఆటో ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపారు. మా మనవడు అంతకుముందు నడిచి వెళ్లేవాడు.

సీతమ్మ ఊరి పిల్ల
మాది లంకల గన్నవరం, ఆకలన్నవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి ఊరు. మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. నేను ఆ భోజనం తినే పది పాసయ్యాను. కంచం పట్టుకుని నిలబడితే ఎవరూ రూపాయి అడగలేదు, మీ అమ్మ అకౌంటులో వేశాం కదా అనీ అనలేదు. అన్నం ఎలా పెడుతున్నారో ఆటో కూడా అలాగే పెట్టాలి. డబ్బు చేతికిస్తే మా ఇంట్లో ముందు ఎరువుల కొట్టు బాకీకి పోయేది, నాన్నని తప్పుపట్టను. బండి గుమ్మంలోకొస్తే పిల్లే ఎక్కుతుంది.

దింపు కూలి నాన్న
ఆ మాట ఒప్పుకుంటాను. నాకు రావాల్సింది తగ్గించి రేవుకి బండి పెట్టినా అభ్యంతరం లేదు.

రిటైర్డ్ హెచ్ఎం
లంక అమ్మగారూ, ఒక సంగతి. బడి దూరమైన పిల్లలకి సమగ్ర శిక్షలో రవాణా భత్యం ఉంది, ఏడాదికి 6 వేల దాకా. ప్రాథమికానికి కిలోమీటరు, ప్రాథమికోన్నతానికి, అంటే ఆరు నుంచి ఎనిమిదికి, 3 కిలోమీటర్లు దాటితే అడగవచ్చు. మీకు బడి ఎంత దూరం?

లంక అమ్మ
రేవునుంచే నాలుగున్నర ఉంటుందండి. ఈ భత్యం మాట ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్ హెచ్ఎం
బాబు పేరు ఆ జాబితాలో ఉందో లేదో రేపే హెడ్మాస్టరుని అడగండి. లేకపోతే విద్యా కమిటీ తీర్మానంతో మండల విద్యాధికారికి (ఎంఈవో) అర్జీ పెట్టండి. వరదకి ఎన్ని రోజులు పడవ ఆగిందో, ఆటో ఎంతో కూడా రాయండి.

లంక అమ్మ
మా రేవులో ఏడుగురు తల్లులం ఉన్నాం. ఇద్దరికి సంతకం రాదు, వేలిముద్ర పనికొస్తుందా మాస్టారూ?

రిటైర్డ్ హెచ్ఎం
పనికొస్తుందమ్మా.