గంజాయి కేసుల శిక్షణ: తరగతి గదిలోనా, సోదా జరిగే చోటనా?

లంకెలపాలెం జంక్షన్:
విశాఖలో ఎస్సైలకు, కానిస్టేబుళ్లకు ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) శిక్షణ ఎలా ఇవ్వాలన్నది ప్రశ్న. ఏజెన్సీ నుంచి దిగే సరుకు మన రోడ్ల మీదుగా, మన రైల్వే స్టేషన్ మీదుగానే పోతుంది కాబట్టి ఈ కేసులు ఇక్కడ రోజువారీ పని. కొందరు అంటున్నది: మూడు రోజులు కూర్చోబెట్టి సెక్షన్లు వల్లెవేయించడం దండగ, ప్రతి స్టేషన్‌లో నెలకోసారి నమూనా సోదా పెట్టి చేతికో చెక్‌లిస్టు ఇస్తే చాలు. మరికొందరు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. పని తెలిసినవాళ్లు చెప్పండి.

మధ్యవర్తి:
నమూనా సోదాకే నా ఓటు. పొరపాట్లు జరిగేది చట్టం తెలియక కాదు, వరుస తప్పడం వల్ల. సమాచారం అందగానే రాతలో పెట్టాలి, దాని నకలు 72 గంటల్లో పై అధికారికి చేరాలి (సెక్షన్ 42). అరెస్టు, స్వాధీనం వివరాలు 48 గంటల్లో పంపాలి (57). ఈ రెండు గడువులూ ఎవరికైనా నోటికొచ్చు. కానీ రాత్రి పదింటికి అగనంపూడి దగ్గర కారు ఆపినప్పుడు సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా ఎందుకు సోదా చేస్తున్నారో కారణం రాయడం మర్చిపోతారు. రోడ్డు మీద ఆపాం కదా, బహిరంగ స్థలాల సోదాకు ఉన్న సెక్షన్ 43 సరిపోతుంది అనుకుంటారు. ఆర్టీసీ బస్సయితే సరే. సొంత కారుకు 42 పాటించాల్సిందేనని సుప్రీంకోర్టు 2021లో బూటా సింగ్ కేసులో తేల్చింది. ఇలాంటివి బండి ముందు నిలబెట్టి చేయిస్తేనే ఒంటబడతాయి.

ప్రతివాద పక్షం:
ఒప్పుకోనండి. చెక్‌లిస్టు పెట్టుకుని చేసిన పనిలోనే లోపాలు ఎక్కువ దొరుకుతాయి. సెక్షన్ 50 నోటీసు చూడండి. గజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ముద్దాయికి ఉందని చెప్పాలి. చాలా ప్రొఫార్మాల్లో కింద మూడో గడి ఒకటి ఉంటుంది: ‘లేదా మీరే సోదా చేయండి’. ఇద్దరు ముద్దాయిలకు కలిపి ఒకే కాగితం ఇస్తారు. ఈ రెండూ చెల్లవని 2014లోనే పరమానంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి హక్కు వాళ్లకు విడిగా చెప్పాలి, మూడో దారి చూపకూడదు. ప్రొఫార్మా కాపీ కొట్టేవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంకోటి. 50 వర్తించేది ఒంటి సోదాకే, సంచికి కాదు. సంచిలో మాత్రమే దొరికిన కేసులో కూడా భయంతో 50 నోటీసు నింపేస్తారు. అందులోని టైమూ పంచనామాలోని టైమూ కలవవు. అక్కర్లేని కాగితమే కేసుకు ఉచ్చు అవుతుంది. ఏది ఎందుకు అవసరమో తెలియాలంటే తరగతి తప్పదు.

52ఏ సంగతి సరేసరి. మేజిస్ట్రేటు ఎదుట శాంపిల్ తీయకపోతే కేసు అక్కడితో అయిపోయినట్టే.

తూకం-సీలు:
ఆఖరి మాట సరికాదండి. 52ఏ పాటించకపోవడం ఒక్కటే కేసును కొట్టేయడానికి చాలదని 2025 జనవరిలో భరత్ ఆంబలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలి. అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఈ చర్చలో ఎవరూ పట్టించుకోనిది తూకం గురించి నాలుగు మాటలు చెబుతాను.

గంజాయి కిలో లోపైతే చిన్న పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. రెండోదానికి కనీస శిక్షే పదేళ్లు, పైగా సెక్షన్ 37 వల్ల బెయిలు గగనం. అందుకే 18 నుంచి 23 కిలోల మధ్య కేసుల్లో అసలు పోరాటమంతా కాటా మీదే జరుగుతుంది. కొండ నుంచి దిగిన సరుకు సగం పచ్చిగా ఉంటుంది. ఆరేకొద్దీ బరువు దిగుతుంది. స్వాధీనం రోజు 21 ఉన్నది మేజిస్ట్రేటు ముందు 19 చూపిస్తే ‘మిగతా రెండు కిలోలు ఏమయ్యాయి’ అనే ప్రశ్న వస్తుంది. అక్కడ ‘ఆరిపోయింది సార్’ అని నోటితో చెబితే చెల్లదు. పచ్చిగా ఉందని, కవర్ల లోపల తేమ పట్టి ఉందని మొదటి రోజు పంచనామాలోనే రాసి ఉండాలి.

చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. ‘ఆకుపచ్చ రంగు ఆకులు, ఘాటైన వాసన’ అని రాసే పంచనామా డిఫెన్స్‌కు కానుక. కొసలు, కాడలు, ఆకులు కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా చూసి ఉన్నదున్నట్టు రాయాలి.

శాంపిల్ విషయానికొస్తే, 2022 నిబంధనల ప్రకారం గంజాయికి ఒక్కో శాంపిల్ 24 గ్రాములు, రెండేసి తీయాలి. ఒకే సైజు, బరువు, గుర్తు ఉండి, అక్కడికక్కడే మత్తుమందును గుర్తించే కిట్ పరీక్షలో ఒకే ఫలితం వచ్చిన ప్యాకెట్లను నలభై వరకు ఒక లాట్‌గా కట్టవచ్చు. కిట్ పరీక్ష చేయకుండానే లాట్ కట్టేస్తే అది తప్పు.

అన్నిటికంటే తరచుగా జరిగేది: స్పాట్‌లో ప్యాకెట్‌కు అతికించిన స్లిప్పు మీద క్రైమ్ నంబరు ఉండటం. ఎఫ్‌ఐఆర్ కట్టకముందే నంబరు ఎక్కడిది? కాగితాలన్నీ స్టేషన్‌లో కూర్చుని రాశారని ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

రైటర్ బల్ల:
శిక్షణ ఎక్కడన్నది తర్వాత. సామాను ఏది? 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 ప్రకారం సోదా, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు అన్నీ వీడియో తీయాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. కొండ కింద సిగ్నల్ ఉండదు, అప్‌లోడ్ ఆగుతుంది. సొంత ఫోన్‌లో తీసిన వీడియో గ్యాలరీలో ఉండిపోతుంది, వాట్సాప్‌లో రైటర్‌కు (స్టేషన్ కాగితాలు రాసే కానిస్టేబుల్‌కు) వస్తుంది. వాట్సాప్ దాటగానే ఫైలు కుదించుకుపోతుంది, హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) మారిపోతుంది. సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్‌లో రాయాల్సింది అసలు ఫైలు హ్యాష్. అందులో బి భాగం నిపుణుడు నింపాలి, అది స్టేషన్ చేతిలో లేని పని.

ప్రతి బృందానికీ ఇవి కావాలి: తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా, దాని వెరిఫికేషన్ సర్టిఫికెట్ నకలు, తలకు కట్టుకునే లైటు, ప్రభుత్వ ఫోన్, లక్క, సీలు, పవర్ బ్యాంకు. పక్క కిరాణా కొట్టు కాటా తెచ్చుకుంటే ఆ కొట్టు యజమానిని కూడా సాక్షిగా పెట్టాల్సి వస్తుంది.

మనుషుల సంగతి కూడా చూడండి. రాత్రంతా సోదా, ఉదయం రిమాండు, మధ్యాహ్నం బందోబస్తు. నిద్ర లేని మనిషి టైములు తప్పు రాస్తాడు, దానికి ఏ తరగతీ మందు కాదు. సోదా చేసిన వ్యక్తికి రిమాండు పని ఇవ్వకుండా మరొకరికి అప్పగించడం ఖర్చు లేని సాయం. మనసు బాగోలేనివాళ్లకు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు డ్యూటీ చార్టు పక్కనే అంటించండి.

మధ్యవర్తి:
సామాను మాట ఒప్పుకుంటాను. ప్రతివాద పక్షం గారూ, మీ పరమానంద్ ఉదాహరణ కూడా న్యాయమైనదే. కాబట్టి చెక్‌లిస్టు వద్దు, ఖాళీ కాగితం ఇద్దాం. నమూనా సోదా తర్వాత పంచనామా సొంత మాటల్లో రాయాలి. కానీ మూడు రోజుల తరగతి అందరికీ అక్కర్లేదు. 42 కింద సోదా చేసే అధికారం కానిస్టేబుల్‌కు లేదు. అతనికి కావాల్సింది కాపలా, వీడియో, సీలు, ల్యాబుకు మోసుకెళ్లే దారి. ఆ రోజు ఎక్కడ ఆగాడో, ఎవరికి ఇచ్చాడో జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) ఉండాలి. ఎస్సైకి తరగతి ఉంచండి.

ప్రతివాద పక్షం:
ఖాళీ కాగితం పద్ధతికి ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఆ పంచనామా స్టేషన్ సీఐ దిద్దకూడదు. రెండు నెలలు పక్కన పెట్టి, రాసిన ఎస్సైని పిలిచి పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఆఫీసు నుంచి ఒకరు కోర్టులో లాగా క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. సబ్బవరం లా యూనివర్సిటీ విద్యార్థులకైతే అది మంచి అభ్యాసం కూడా. రాసిన రోజు అన్నీ గుర్తుంటాయి. కోర్టులో నిలబడేది ఏడాది, రెండేళ్ల తర్వాత, అప్పుడు చేతిలో ఉండేది ఆ కాగితమే.

తూకం-సీలు:
ఆ క్రాస్‌లో మొదటి ప్రశ్న కాటా గురించి పెట్టండి. సున్నా చూపించి వీడియో తీశారా, సంచి బరువు తీసేశారా అని.