‘సహజ’ రక్షణ, ‘నిరోధక’ ప్రోటీన్లు: ఈ రెండు మాటలు పొసగుతాయా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. కన్నీళ్లలో, లాలాజలంలో, తెల్ల రక్తకణాల్లో ఉండి బ్యాక్టీరియాను ఎదుర్కొనే ప్రోటీన్లను ‘సహజ రోగనిరోధక వ్యవస్థలోని సూక్ష్మజీవ నిరోధక ప్రోటీన్లు’ అనవచ్చునా? ‘సహజ’ అనగానే చదివేవారికి కషాయాలు, ఆకుపసర్లు తోస్తాయేమోనని నా సందేహం. పెద్దలు చెప్పగలరు.

జవాబు:
అమ్మా, ‘సహజ’ను వదులుకోవద్దని నా మనవి. వాడుకలో ‘కృత్రిమం కానిది’ అన్న అర్థమే ముందు తోచే మాట నిజమే గానీ, వ్యుత్పత్తిని బట్టి సహజమంటే తనతోపాటే పుట్టినది. కర్ణుడివి సహజ కవచకుండలాలు అని మనం అనేది ఈ అర్థంలోనే. టీకా వల్లనో, ఒకసారి జబ్బు చేసి తగ్గడం వల్లనో సమకూరేది ఆర్జితం. ఆ క్రిమిని మునుపెన్నడూ ఎరుగని ఒంట్లో కూడా ముందే సిద్ధంగా ఉన్నది సహజం. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండూ జంటగా నిలదొక్కుకున్నాయి కాబట్టి, మొదటిసారి వాడినచోట ‘పుట్టుకతో వచ్చిన’ అని పక్కన ఒక మాట చేరిస్తే మీ సందేహం తీరుతుంది.

నా అభ్యంతరమల్లా ‘నిరోధక’ మీదనే. నిరోధించడమంటే అడ్డుకోవడం, మీరన్న కన్నీళ్లలో, లాలాజలంలో ఉండే ప్రోటీన్ లైసోజైమ్ అడ్డుకుని ఊరుకునేది కాదు. జలుబు చేసిన మనిషి ముక్కు స్రావం తగిలిన చోట బ్యాక్టీరియా కరిగిపోవడం గమనించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్ కంటే ఆరేళ్ల ముందే, 1922లో దీన్ని లోకానికి వెల్లడించాడు. బ్యాక్టీరియా గోడలో రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని తరువాత ఒకటిగా కూర్చిన పొడవైన గొలుసులుంటాయి, వాటిని పొట్టి పెప్టైడ్ (అమైనో ఆమ్లాల) ముక్కలు అడ్డంగా కలిపి పట్టి ఉంచుతాయి. లైసోజైమ్ ఆ గొలుసులో ఆరు చక్కెరల మేర భాగాన్ని తన ఒంటిమీది గాడిలో ఇముడ్చుకుని, నాలుగో చక్కెరకూ అయిదో చక్కెరకూ మధ్యనున్న బంధాన్ని తెంచుతుంది. అలా అక్కడక్కడా తెగి గోడ బలహీనపడగానే, లోపలి పీడనానికి కణం ఉబ్బి పగిలిపోతుంది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం 1965లో కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ ఆకృతిని ఎక్స్ కిరణాలతో కనుక్కున్నప్పుడు ఈ గాడి కంటికి కనబడింది. ఇంత చేసే ప్రోటీన్‌ను నాశకమనే అనాలి.

తెల్ల రక్తకణాల్లోని డిఫెన్సిన్లూ అంతే. సుమారు 30 అమైనో ఆమ్లాలుండే ఈ చిన్న అణువులకు ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైతలం రుణావేశంతో ఉంటుంది, మన కణాల పొర వెలుపలి వైపు దాదాపు ఆవేశం లేనిది; అందువల్ల ఇవి ఎక్కువగా బ్యాక్టీరియా పొరకే అతుక్కుని దాన్ని ఛిద్రం చేస్తాయి. కన్నీళ్లలో, పాలలో ఉండే మరో ప్రోటీన్ లాక్టోఫెర్రిన్ తీరు వేరు. అది ఇనుమును తాను పట్టేసుకుని, బ్యాక్టీరియాకు దక్కకుండా చేసి, పెరగనివ్వదు. ‘నిరోధక’ దానికి చక్కగా పొసగుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మందులకు లొంగని క్రిముల గురించి రాసేటప్పుడు పత్రికలు ‘యాంటీబయోటిక్ నిరోధకత’ అంటున్నాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తన గోడలోని చక్కెరలకు ఎసిటైల్ అనే చిన్న రసాయన సమూహాలను తగిలించుకుని లైసోజైమ్‌ను తట్టుకుంటుంది. మీ పద్ధతిలో దీన్ని చెప్పబోతే ‘నిరోధక ప్రోటీన్‌కు నిరోధకత’ అవుతుంది. ఎవరు ఎవరిని ఆపుతున్నారో పిల్లలకు తెలియదు. కనుక మొత్తం వర్గానికి ‘సూక్ష్మజీవనాశక ప్రోటీన్లు’ అనీ, లాక్టోఫెర్రిన్ వంటి వాటి దగ్గర ‘నిరోధక’ అనీ, క్రిమి విషయంలో ‘తట్టుకునే శక్తి’ అనీ రాయమని నా సూచన.

ప్రశ్న:
ధన్యవాదాలండీ. మరి ముర్రుపాలతో బిడ్డకు అందే రక్షణ సహజమా, ఆర్జితమా?

జవాబు:
ముర్రుపాలలో రెండు రకాలవీ ఉంటాయి. అందులోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తల్లి తన జీవితంలో ఎదుర్కొన్న క్రిములను బట్టి తయారైనవి కాబట్టి, అది తల్లి ఆర్జించి బిడ్డకు ఇచ్చినది. శాస్త్రంలోనూ దాన్ని ఆర్జిత రక్షణ కిందనే లెక్కిస్తారు. అవే పాలలో సమృద్ధిగా ఉండే లాక్టోఫెర్రిన్, దానితోపాటు ఉండే లైసోజైమ్ మాత్రం సహజ రక్షణకు చెందిన ప్రోటీన్లే. వ్యాసంలో ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలపకుండా విడివిడిగా చెప్పండి.