అప్‌డేట్: అమ్మ కాలి పుండు తగ్గుతోంది

మూడు నెలల క్రితం అడిగాను కదా, పర్లాకిమిడిలో ఉంటున్న మా అమ్మకి చీలమండ పైన లోపలి వైపు పుండు ఏడాదిగా మానడం లేదని. షుగర్ పుండేమో అని చాలామంది అన్నారు. షుగర్ నార్మల్‌గానే వచ్చింది. శ్రీకాకుళంలో డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) తీయిస్తే సిరల్లో కవాటాలు పాడై రక్తం కిందే నిలిచిపోతోందని తేలింది. కాలి పుళ్లలో ఎక్కువ భాగం ఈ రకమేనట.

దీనికి బిగుతు కట్టు కడతారు. అది కట్టేముందు సిస్టర్ చేతి బీపీ, చీలమండ బీపీ పోల్చి చూశారు. నిష్పత్తి 0.95, అంటే ధమనుల్లో రక్తం బాగానే పారుతోంది. ధమనులు మూసుకుపోయి ఉంటే బిగుతు కట్టు కాలికే ముప్పట. ఇది చూడకుండా ఎవరూ కట్టించుకోకండి. ఇప్పుడు వారానికి రెండుసార్లు సెలైన్‌తో కడిగి, వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది దాకా ఆ బిగుతు (కంప్రెషన్) కట్టు కడుతున్నారు. పసుపు, వేపాకు పసరు పూర్తిగా మానిపించారు (మా పిన్ని ఇంకా అలిగే ఉంది!).

6 సెంటీమీటర్ల పుండు 2కి వచ్చింది. మానాక కూడా కాలిని బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ మేజోళ్లు వేసుకోవాల్సిందే అన్నారు, లేకపోతే తిరగబెడుతుందట. ఈ ఎండల్లో అమ్మని ఒప్పించడమే నా టెన్షన్.