రుచుల జాడా, జాడలా?

తంగేడు: మా మాస్టారు నలభై ఏళ్ళు దక్కన్ బసాల్టుల (లావా గడ్డకట్టిన నల్లరాళ్ళ) రసాయనం మీదే పనిచేశారు. బల్ల మీద రెండు నల్లరాళ్ళు పక్కపక్కన పెట్టి, లెన్సు నా చేతికిచ్చి, ఎప్పుడూ వేమన "ఉప్పు కప్పురంబు" పద్యంలోని ఒకటే పాదం అనేవారు: "చూడ చూడ రుచుల జాడలు వేరు". ఆయన అభినందన సంచికకి వ్యాసం రాస్తున్నాను. అచ్చులో మాత్రం "జాడ వేరు" అని ఉంది. పాఠాంతరం ఏమైనా ఉందా? పనిలో పని, రాతిలో అతి కొద్దిగా ఉండే ట్రేస్ ఎలిమెంట్స్‌ని "జాడ మూలకాలు" అనొచ్చా?

ఆటవెలది: "లు" పడదండి. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు: ఆటవెలది రెండో పాదానికి కావలసిన ఐదు సూర్యగణాలు సరిపోయాయి. "జాడలు" అంటే భగణం, దానికి ఇక్కడ చోటు లేదు. చూడ–జాడ ప్రాసయతి కూడా చక్కగా కుదిరింది. అసలు ఆ మాట ప్రాస కోసమే వచ్చిందని నా నమ్మకం. దాని మీద శాస్త్రం బరువు మోపకండి.

పాతప్రతి: ప్రాస కోసం వచ్చినంత మాత్రాన అర్థం పోతుందా? జాడకి అడుగు గుర్తు అనీ, తీరు అనీ రెండర్థాలు. ఇక్కడ తీరే. "రుచుల తీరు వేరు" అంతే. అడుగుజాడని ఇందులోకి లాగక్కర్లేదు.

కొలిమి: లాగాల్సిందే అంటాను, ఎందుకంటే ల్యాబులో మేం వెతికేది అడుగు గుర్తే. పడమటి కనుమల్లో అంబేనలి లావా, బుషే లావా రెండూ నల్లవే. సిలికా రెండింట్లోనూ యాభై శాతానికి అటూ ఇటూ. కానీ స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి (ఆ మూలకపు రెండు ఐసోటోపుల నిష్పత్తి) ఒకదాంట్లో 0.704 దగ్గర, రెండోదాంట్లో 0.713 పైన. బుషే శిలాద్రవం పైకొస్తూ ఖండపు పాత రాయిని కరిగించి కలుపుకుంది. ఆ పాత రాతిలో కోట్ల ఏళ్ళుగా రుబీడియం స్ట్రాన్షియం-87గా మారుతూ వచ్చింది మరి. ఏ దారిన వచ్చిందో రాయే చెబుతోంది. దాన్ని జాడ అనకపోతే ఏమంటాం?

రాజమహేంద్రవరం దగ్గరి కాటేరు క్వారీల బసాల్టుని ఈ పద్ధతిలోనే అంబేనలి, మహాబలేశ్వర్ లావాలతో పోల్చి చూస్తే సరిపోయింది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అది! తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

పాతప్రతి: ఒప్పుకుంటాను, మీ రాళ్ళకి ఆ అర్థం బాగుంది. వేమనకి అంటగట్టకండి. అయినా పాఠ్యపుస్తకాల్లో "సూక్ష్మ మూలకాలు" ఉండగా కొత్త మాట దేనికి?

కొలిమి: "సూక్ష్మ" నాకు మొదటినుంచీ మింగుడుపడదు. అక్కడ తక్కువైనది మోతాదు, పరమాణువు కాదు. రాతిలో 0.1 శాతానికి లోపుంటే ట్రేస్ అంటాం. బేరియం అయాను పెద్దది, అందుకే ఆలివిన్ లాంటి స్ఫటికాల్లో ఇమడక ద్రవంలోనే మిగిలిపోతుంది. పెద్దదాన్ని పట్టుకుని సూక్ష్మం అంటే పిల్లలు ఏమనుకుంటారు?

ఆటవెలది: అయితే "లేశ మూలకాలు" అనండి. మోతాదూ చెప్పినట్టు, సమాసమూ శుద్ధంగా ఉన్నట్టు. "జాడ మూలకాలు" మిశ్రసమాసం, చెవికి గుచ్చుకుంటోంది.

తంగేడు: లేశం అంటే కొంచెం అనే వస్తుంది, దారి చూపించడం రాదు కదండీ. మాస్టారు రాతిపొడిని అగేటు అనే గట్టిరాయి కల్వంలోనే నూరమనేవారు. టంగ్‌స్టన్ కార్బైడు పాత్రలో నూరితే టంగ్‌స్టన్, కోబాల్టు పొడిలో కలిసి లెక్క పాడవుతుంది. నూరాక కల్వం ఆయనే కడిగి, వెలుతురుకి ఎత్తి చూసేవారు. "ముందు మన జాడ పడకుండా చూసుకోండి" అనేవారు. అప్పటినుంచే ఆ మాట నాకు పట్టుకుంది.

పాతప్రతి: బంగారం లాంటి మాట! వేమన రసవాదం (లోహాన్ని బంగారం చేసే విద్య) నేర్చాడన్న కథ ఉండనే ఉంది. పుటం పెట్టే చేతికి ఉప్పూ కప్పురమూ ఉట్టి ఉపమానాలు కావు, రోజూ ముట్టుకునే సరుకులు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసినప్పుడు ఈ కోణం...

ఆటవెలది: కథని ఆధారం చేసుకుని పద్యానికి అర్థం చెప్పడం సరికాదు. ఆ పద్యం గురి మూడో పాదం మీద, పురుషుల మీద.

కొలిమి: మరి "చూడ చూడ" దేనికి అతుకుతుంది? అందరూ "పరీక్షగా చూస్తే రుచి వేరు" అంటారు. రుచిని కంటితో ఎలా పరీక్షిస్తాం? "చూడ్డానికి ఒక్కపోలిక" అని పై పాదంతో కలిపితేనే నాకు పొసగుతోంది.

పాతప్రతి: "రుచి చూడు" అని మనం రోజూ అనే మాటేగా! చూడ చూడ అంటే రుచి చూడగా చూడగా. కిందికే అన్వయం.

ఆటవెలది: పాదం తిరిగాక పైకి అన్వయం ఆటవెలదిలో కొత్తేం కాదు. ఉదాహరణలు రాత్రికి వెతికి పెడతాను.

తంగేడు: వ్యాసంలో "జాడ వేరు" అని వేమన పాదం వేసి, మాస్టారు "జాడలు" అనేవారని పక్కనే రాస్తున్నాను. ఆయన పట్టికలో ఒక్కో రాయికి ఇరవై ముప్పై మూలకాలు ఉండేవి, అందుకే బహువచనం నోటికి వచ్చి ఉంటుంది. ఆటవెలది గారూ, ఆ ఉదాహరణల కోసం ఎదురుచూస్తుంటాను.